ఒంటికన్ను లారీ

టీ కొట్టు ముందు రోడ్డు మీద ఒక గుంట ఉంది. రోజూ చీకటి పడేవేళకి ఆ గుంటలో ఒక సైకిలు దబ్బున పడుతుంది. దాని ముందు బుట్టలో ఉన్న టిఫిన్ క్యారియరు గల్లుమంటుంది. "ఛీ, దీని దుంపతెగ!" అని ఒక గొంతు వినపడుతుంది. కమాండరు వచ్చాడన్నమాట. టీ కొట్టు అక్క తల కూడా ఎత్తకుండా ఇంకో గ్లాసు కడిగి పెడుతుంది.

అతను ఏ సైన్యానికీ కమాండరు కాదు. ఊరవతల గోడౌనుకి రాత్రి కాపలాదారు. పొద్దుగూకాక డ్యూటీకి వెళ్తూ ఒక టీ తాగుతాడు, తెల్లారకముందే తిరిగి ఇల్లు చేరతాడు. ఈ మధ్యలో కాపలా కాసేది గోడౌనునో తన నిద్రనో పైవాడికే తెలియాలి. కమాండరు అనే పేరు పక్కనున్న సైకిలు మేస్త్రీ ఎగతాళికి పెట్టాడు. అతను దాన్ని బిరుదుగా పుచ్చుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. నోరు విప్పితే మాత్రం మూసేవాడు కావాలి.

ఆ సాయంత్రం అక్క మనసు టీ మీద లేదు. తెల్లవారితే కూతురు ఆసుపత్రి లాండ్రీలో పనికి చేరాలి. మొదటి షిఫ్టు. కాకి కూడా లేవని చీకట్లో, ఫ్యాక్టరీ గోడ వెనక రోడ్డున సైకిలు తొక్కుకుంటూ పోవాలి. ఆ రోడ్డులో వీధి దీపాలకి స్తంభాలున్నాయి, దీపాలు లేవు. రేపు రాకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తామని సూపర్వైజరు మొహం మీదే చెప్పాడు. పిల్ల అప్పుడే పక్కనున్న సైకిలు షాపు బల్ల దగ్గర నిలబడి లైట్లు చూస్తోంది. బల్ల మీద రెండున్నాయి. ఒకటి మూకుడంత ఉంది. ఇంకొకటి పిడికెడంత, పైన చిన్న రేకు చూరుతో, తల వంచుకున్న పిల్లలా ఉంది.

వాటిని చూసినకొద్దీ తల్లికి ఆ రోడ్డే గుర్తొస్తోంది. కారణం కొట్లోనే ఉంది. బెంచీ మీద రొట్టెలాయన, మోకాలికి ఇంత కట్టు, కాలు ఎదురు స్టూలు మీద. వేకువజామున సైకిలు మీద బన్నులూ రొట్టెలూ కొట్లకి వేసే మనిషి. మొన్న ఆ ఫ్యాక్టరీ వెనక రోడ్డులోనే పడ్డాడు.

"ఎలా ఉందన్నావు ఆ లారీ?" అక్క అడిగింది, అప్పటికి ఎన్నోసారో.

"చెప్పానుగా అక్కా. ఒంటికన్ను లారీ. ఒకటే లైటు, రెండోది పగిలిపోయుంటుంది. కల్వర్టు మలుపులో సూటిగా నా మొహం మీదికే వచ్చింది. కళ్ళు బైర్లు కమ్మేశాయి. గోడేదో రోడ్డేదో తెలిస్తే ఒట్టు. తప్పుకుందామని హ్యాండిలు తిప్పాను. తిప్పానో లేదో, మురుగు కాలవలో ఉన్నాను. ఆ హారనుంది చూడు, ఈనలేక గేదె అరిచినట్టు!"

"ఆపకుండా పోయాడా?" అన్నాడు కమాండరు. గుంటలో పడిన సైకిలుని అప్పుడే స్టాండు వేసి లోపలికొచ్చాడు.

"ఆపడమా! పైగా పోతూ పోతూ 'బుద్ధి తెచ్చుకో' అని అరిచాడు. క్లీనరు వెధవై ఉంటాడు."

కమాండరు గ్లాసు బల్ల మీద టక్కున పెట్టాడు. "ఆ డ్రైవరు గాడు నా చేతికి చిక్కాలి! చెల్లెమ్మా, మేస్త్రీ, అందరూ వినండి. వాడెవడైనా సరే, ఎంతటివాడైనా సరే, ఈయన కాలు నయమయ్యేదాకా ఈయన రొట్టెల బుట్ట వాడి చేత మోయించకపోతే నేను కమాండరునే కాదు!"

"వాడు దొరికేదెప్పుడు, నా పిల్ల పనికెళ్ళేదెప్పుడు," అంది అక్క. "వద్దు అన్నా. ఆ పనీ వద్దు, ఆ చీకటీ వద్దు. పగటి పని ఏదైనా చూసుకుంటాం."

"పగటి పని చూపించమ్మా, ఇప్పుడే చేరతా," అంది కూతురు అక్కణ్ణించే. "రెండేళ్ళుగా చూస్తూనే ఉన్నాం."

తల్లి పొయ్యి మీద పాలు కలియబెట్టింది.

"ఆగండాగండి," అన్నాడు కమాండరు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ముందుకి వంగాడు. ఆ వంగడం చూడగానే సైకిలు మేస్త్రీ చేతిలో పానా పక్కన పెట్టి కొట్లోకి వచ్చి కూర్చున్నాడు. కోతలు మొదలవబోతున్నాయని అందరికీ తెలిసే సూచన అది. "లైటు గురించి నన్నడక్కుండా బేరమాడుతున్నారా? అమ్మడూ, ఆ చిన్నదాన్ని అక్కడ పెట్టు. మూకుడుంది చూడు, దాని తోడబుట్టిందే నా సైకిలుకున్నది."

"అవును, రెండు తెప్పించాను," అన్నాడు మేస్త్రీ. "ఒకటి కమాండరన్న తీసుకున్నాడు. రెండోది అప్పట్నించీ బల్ల మీదే తపస్సు చేస్తోంది."

"మొదట్లో నాకూ ఒక గుడ్డి మిణుగురు ఉండేదమ్మా. అది వెలిగిందో లేదో చూసుకోవాలంటే అగ్గిపుల్ల గీయాల్సొచ్చేది. లాభం లేదని ఈ పెద్దది పెట్టించాను. బుట్ట అడ్డం వస్తోందని పైకెత్తి, మెడ నిక్కబెట్టి బిగించాం. వీడే బిగించాడు, అడుగు."

"కిందకి వంచుతానంటే వద్దన్నది తమరే."

"కాపలావాడి లైటు తల వంచడమేంటయ్యా, సిగ్గులేకుండా! సరే, మొదటి రోజు డ్యూటీ దిగి, సైకిలెక్కి, స్విచ్చి నొక్కాను. ఏమైందో తెలుసా? రోడ్డు మీద గుంట కనిపించింది. ఇందులో గొప్పేముంది అంటారు. గుంట నాకు కనిపించడం కాదయ్యా, గుంటకి నేను కనిపించాను. 'అమ్మో, కమాండరు!' అనుకుని అదే పక్కకి జరిగింది."

"ఇప్పుడేగా దబ్బుమన్నావు మా గుంటలో?" అన్నాడు రొట్టెలాయన.

"ఈ గుంటకింకా నా సంగతి తెలీదు. మధ్యలో మాట్లాడకు, కాలు నొప్పెడుతుంది. అలా వీధిలోకి తిరిగాను. లైటు పడగానే కోళ్ళు కూశాయి. కోడి కూసిందని జనం లేచారు. పొయ్యిలు వెలిగించారు. ఒకాయనైతే స్నానం చేసి, బూట్లేసుకుని, ఆఫీసు గేటు ముందుకెళ్ళి నిలబడ్డాడు పాపం. ఈలోగా నేను వీధి దాటేశాను. మళ్ళీ చీకటైపోయింది. ఆయన రోజు గడిచిపోయిందనుకుని ఇంటికొచ్చి, అన్నం తిని పడుకున్నాడు."

మేస్త్రీ పగలబడి నవ్వాడు. అక్క కూడా మామూలు రోజైతే నవ్వేది. ఇవాళ ఆమె కళ్ళు కూతురి చేతి మీదున్నాయి. ఆ చెయ్యి మూకుడు లైటు అంచుని తడుముతోంది.

"అదే వీధిలో ఒక మామ్మ కిటికీ దగ్గర కూర్చుని సూదిలో దారం ఎక్కించలేక అవస్థ పడుతోంది. జాలేసింది. సైకిలు నెమ్మదిగా తొక్కాను. నేను ఆ చివర్నించి ఈ చివరికి వచ్చేలోపల దారం ఎక్కించి దుప్పటి కుట్టేసింది."

"మామ్మకి ఆ వేళప్పుడు సూదేమిటి, నిద్రపోక?" అన్నాడు మేస్త్రీ.

"కోడి కూసింది కదయ్యా! వింటున్నావా, తూగుతున్నావా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఫ్యాక్టరీ గోడ దగ్గర ఒకడు నడిచిపోతున్నాడు. వాడి నీడ గోడ మీద పడింది. లైటు ధాటికి ఆ నీడ గోడకి అతుక్కుపోయింది. మనిషి వెళ్ళిపోయాడు, నీడ ఉండిపోయింది! ఇంటికెళ్తే నీడ లేని మొగుడు నాకొద్దని పెళ్ళాం తలుపు వేసేసింది. మర్నాడు ఇద్దరూ అట్లకాడ పట్టుకొచ్చి, గోడ మీంచి గీకి, మడతపెట్టి తీసుకుపోయారు."

"మావయ్యా," అంది పిల్ల, "ముందు సంగతి సరే. నీ సైకిలుకి వెనక లైటు లేదేం?"

"వెనకెందుకే పిచ్చిదానా? నన్ను దాటి వచ్చేవాడెవడు?"

"దాటేవాడు కాదు, గుద్దేవాడు."

"నోరు చూడు, అచ్చం తల్లే!" అన్నాడు కమాండరు మెచ్చుకోలుగా. టీ ఒక గుక్క తాగి మీసం తుడుచుకున్నాడు. "గుద్దేవాడంటే గుర్తొచ్చింది. ఒక రోజు తలెత్తి చూస్తే పైన విమానం. నా లైటు చూసి రన్‌వే అనుకున్నాడు పైలెట్టు. చక్రాలు దింపేశాడు. దిగుతున్నాడు, దిగుతున్నాడు, నా నెత్తి మీదికే దిగుతున్నాడు. లోపల జనం సంచులు సర్దుకుంటున్నారు, నాకు కిటికీల్లోంచి కనిపిస్తోంది. నేను కంగారు పడ్డానా? చటుక్కున స్విచ్చి ఆపాను. పైలెట్టు నాలిక్కరుచుకుని విమానాన్ని పైకి లేపాడు. పోతూ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపాడు."

"విమానం కిటికీలు తెరుచుకోవుగా?" అంది పిల్ల.

"ఆ రోజు ఉక్కగా ఉంది."

రొట్టెలాయన నవ్వబోయి, మోకాలు సలిపి "అబ్బా" అన్నాడు.

"ఇవన్నీ చిన్నవి," అన్నాడు కమాండరు గొంతు తగ్గించి. "అసలుది ఎవరికీ చెప్పలేదు. ఒక రోజు ఇంటికెళ్ళాను, పడుకున్నాను, లేచాను. తెల్లారలేదు. మళ్ళీ పడుకున్నాను, లేచాను. తెల్లారలేదు! ఏమైందో తెలుసా? సూర్యుడు రోజూలాగే బయల్దేరి ఆకాశం అంచు మీద తల పెట్టి చూశాడట. ఊరంతా వెలుగు. 'ఓహో, నా ఉద్యోగంలో ఇంకొకణ్ణి పెట్టుకున్నారు' అనుకుని వెనక్కి తిరిగి పోయాడు. తప్పు నాదే కదా! సైకిలేసుకుని పొలిమేర దాటి, ఎక్కడో కొండ వెనక మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చున్నవాణ్ణి పట్టుకుని, 'అయ్యా, తమరిది పర్మనెంటు ఉద్యోగం. నాది టెంపరవరీ. కాంట్రాక్టరు ఎప్పుడు తీసేస్తాడో నాకే తెలీదు. లేవండి' అని బతిమాలి, వెనక సీటు మీద కూర్చోబెట్టుకుని తొక్కుకుంటూ తెచ్చి, తూర్పున దింపాను. సీటు ఇప్పటికీ కాలిపోయే ఉంది, చూసుకోండి."

మేస్త్రీ లేచి చూడబోయాడు. "అది సిగరెట్టు మచ్చ," అని మళ్ళీ కూర్చున్నాడు.

"అందుకే చెప్తున్నా. అమ్మడూ, పెద్దది తీసుకో. మేస్త్రీ, కట్టివ్వు."

పిల్ల మూకుడు లైటుని రెండు చేతులతో ఎత్తింది. మేస్త్రీ మొహం వెలిగిపోయింది. అక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. రోజూ ఇతని కోతలు విని అబద్ధమని నవ్వే మనిషి. ఇవాళ అందులో ఒక్కటైనా నిజమైతే బాగుండునని లోపల ఎక్కడో ఆశపడుతోంది. నిజంగా అంత వెలుగుంటే లారీ అయినా పక్కకి తప్పుకోదా?

"అన్నా," అంది, "సూర్యుడి సంగతి నాకెందుకు. నువ్వు రోజూ తిరిగొచ్చేదీ ఆ ఫ్యాక్టరీ వెనక రోడ్డునే. నీకు ఎదురుగా ఏమైనా వచ్చిందా ఎప్పుడైనా? ఆ లారీ వచ్చిందా? వస్తే ఏమైంది? నాకు అది చెప్పు. అదొక్కటీ నిజం చెప్పు."

"లారీయా? నా దారికి ఏ లారీ రాలేదు చెల్లెమ్మా. వచ్చే దమ్ముందా?" కమాండరు రొమ్ము విరిచాడు. "కానీ వచ్చాడొకడు. లారీ కాదు, దొంగ. ఇది మాత్రం ఒట్టేసి చెప్తున్నా, నా కళ్ళతో చూసింది. మొన్న, కల్వర్టు మలుపులో, తాడిచెట్టంత మనిషి. ఇనప గుర్రం మీద వస్తున్నాడు. వెనక ఏనుగంత మూట. ఎవరిల్లు దోచాడో ఏమో! నేను బెదిరానా? లైటు సూటిగా వాడి కళ్ళలోకి పెట్టాను. అంతే. చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. గజగజ వణికాడు. గుర్రాన్ని తిప్పుకుని, తనంతట తానే కాలవలోకి దూకి, చేతులు రెండూ పైకెత్తేశాడు! మూట పగిలింది. అందులోంచి తెల్లగా, గుండ్రంగా, పుర్రెలు! దొర్లుకుంటూ దొర్లుకుంటూ రోడ్డంతా పుర్రెలే! నేను సీటు దిగనైనా దిగలేదు. 'బుద్ధి తెచ్చుకో' అని ఒక్క కేకేసి, పాడుకుంటూ వచ్చేశాను."

కొట్లో ఎవరూ నవ్వలేదు. రొట్టెలాయన స్టూలు మీంచి కాలు నెమ్మదిగా కిందకి దించుతున్నాడు.

"ఒక్కడేనా?" అన్నాడు మేస్త్రీ, ఇంకా ఏమీ తోచక.

ఒక్కడంటే తక్కువైందని కమాండరుకి అనిపించింది. "ముందు ఒక్కడు. వాడి వెనక పదిమంది!"

"నా వెనక ఎవరూ లేరు," అన్నాడు రొట్టెలాయన.

పొయ్యి మీద పాలు పొంగాయి. ఎవరూ చూడలేదు.

"ఏంటీ?" అన్నాడు కమాండరు.

"నా వెనక ఎవరూ లేరయ్యా. బన్నుల బుట్ట ఒక్కటే ఉంది. పుర్రెలు కావవి, బన్నులు. వేడి వేడి బన్నులు, పొయ్యిలోంచి తీసి తీయగానే! ఆ కాలవలో పడి మురుగు తాగాయి. చేతులు పైకెత్తానా? ఎత్తాను. లాగమని ఎత్తాను!"

"మరి లారీ అన్నావు..." అంది అక్క.

"మొహం మీద అంత లైటు కొడితే దాని వెనక సైకిలుందని ఎవడనుకుంటాడక్కా?"

"హారను కూడా విన్నానన్నావు కదా," అన్నాడు మేస్త్రీ.

రొట్టెలాయన కమాండరు వైపు తిరిగాడు. "పాడుకుంటూ వచ్చానన్నావు. ఏదీ, ఆ పాట ఒకసారి ఎత్తుకో."

"ఇప్పుడెందుకు..."

"ఎత్తుకో అంటున్నానా!"

కమాండరు గొంతు సవరించుకుని, చిన్నగా, ఒక రాగం తీశాడు. పై స్థాయికి పోయేసరికి అది గొంతులో అడ్డం పడింది.

"అదే," అన్నాడు రొట్టెలాయన కళ్ళు మూసుకుని. "అదే హారను."

మేస్త్రీ బెంచీ మీంచి కిందకి జారిపోయాడు. పిల్ల మొహం అటు తిప్పుకుని భుజాలు కుదుపుతోంది. రొట్టెలాయన కూడా కోపంగా ఉండాలని చూశాడు గానీ పెదవులు మాట వినలేదు. నవ్వనిది అక్క ఒక్కతే. పొయ్యి కట్టేసి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ కమాండరు ఎదురుగా వచ్చి నిలబడింది.

"దిగి చూడలేదా అన్నా? మనిషి కాలవలో పడితే?"

"దొంగ అనుకున్నా చెల్లెమ్మా."

"నీ లైటుకి అందరూ దొంగల్లాగే కనిపిస్తారు. కళ్ళు మూసుకుని, చేతులడ్డం పెట్టుకుని. ఊళ్ళో లేని లారీకి భయపడి నా పిల్ల రేపు పని వదులుకునేది, తెలుసా నీకు? రెండేళ్ళు చూస్తే దొరికిన పని! కళ్ళలో నీళ్ళు పెట్టుకుని వద్దని చెప్పించేదాన్ని దానిచేత. దేనికి? నీ లైటు తల వంచనందుకు!"

కమాండరు తల వంచాడు. లైటు కన్నా ముందు తనే వంచాడు.

"డ్రైవరు గాడు చిక్కితే ఏం చేయిస్తానన్నావు?" అక్క వదల్లేదు. "నేను విన్నాను. మేస్త్రీ విన్నాడు."

"...రొట్టెల బుట్ట," అన్నాడు కమాండరు నేల చూస్తూ.

"ఎప్పటిదాకా?"

"కాలు నయమయ్యేదాకా." రొట్టెలాయన వైపు చూశాడు. "డ్యూటీ దిగి నేరుగా బేకరీకి వస్తాను బావా. ఏ ఏ కొట్లకి వేయాలో చెప్పు చాలు."

"పాడొద్దు," అన్నాడు రొట్టెలాయన. "అదొక్కటీ."

పిల్ల అప్పటికే మూకుడు లైటుని బల్ల మీద పెట్టేసి, చూరున్న చిన్నదాన్ని తన సైకిలుకి పెట్టి చూసుకుంటోంది. స్విచ్చి నొక్కింది. ముందు చక్రానికి నాలుగడుగుల అవతల రోడ్డు మీద పసుపుపచ్చగా, చాప పరిచినంత వెలుగు పడింది. చాప పైన అంతా చీకటే, ఎవరి కళ్ళలోకీ పోలేదు.

"ఇది చాలు. వెనకకి ఎర్రది ఒకటియ్యి," అంది.

"దానితో ఏం కనిపిస్తుందే?" కమాండరుకి ప్రాణం ఒప్పుకోలేదు.

"నాకు రోడ్డు కనిపిస్తుంది మావయ్యా. ఎదుటివాడికి నేను కనిపిస్తాను, వాడి రోడ్డు వాడికి కనిపిస్తుంది. నా ప్రతాపం ఎవరికీ కనిపించక్కర్లేదు."

అక్క వెళ్ళి కూతురి సైకిలు వెనక నిలబడి, మేస్త్రీ ఎర్ర లైటు బిగిస్తుంటే చూసింది. అది వెలిగాక రోడ్డు దాటి అవతలి అరుగు దాకా నడిచి, అక్కణ్ణించి వెనక్కి తిరిగి చూసింది. కనిపిస్తోంది. ఇంకా అవతలికి నడిచి చూసింది. అక్కడికీ కనిపిస్తోంది.

"వేకువనే లేపుతా," అంది తిరిగొచ్చి. "గిన్నెలో అన్నం పెడతా, తినకుండా వెళ్ళావంటే చూడు."

మేస్త్రీ అదే పానాతో కమాండరు సైకిలు దగ్గరికెళ్ళాడు. బుట్టని వెనక సీటు మీదికి మార్చాడు. మూకుడు మెడ కింద నట్టు వదులు చేసి, నెత్తి మీద చెయ్యి పెట్టి కిందకి నొక్కాడు. తుప్పు పట్టిన మెడ కిర్రుమంటూ, బలవంతాన, రోడ్డు వైపు వంగింది. కమాండరు మొహం పక్కకి తిప్పుకున్నాడు, పెంచిన బిడ్డకి గుండు గీస్తున్నట్టు.

టీ తాగేసి గ్లాసు తనే కడిగి పెట్టాడు. అది ఎప్పుడూ చేసే పని కాదు. ఎవరితోనూ మాట్లాడకుండా సైకిలెక్కి లైటు వేశాడు.

ఎన్నాళ్ళ అలవాటో, అక్క చేతిలో గ్లాసు పట్టుకుని దబ్బుమనే చప్పుడు కోసం చూసింది. రాలేదు. టిఫిన్ క్యారియరు గల్లుమనలేదు. సైకిలు గుంట ముందు నెమ్మదించి, చక్కగా పక్కనించి పోయింది.

ఆ చీకట్లోంచి, కాస్త దూరం పోయాక, గొంతు ఒకటి మళ్ళీ బిగ్గరగా వినిపించింది.

"చూశారుగా! అదీ సంగతి! పక్కకి జరిగింది!"